సూదికి ఎప్పుడు ఒప్పుకోవాలి? పెరటికోళ్ల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాలు చాలామటుకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి: పెంచుకున్న కోడి ఇక కోలుకోదని తెలిశాక ఏం చేయాలి, బాధ లేకుండా ప్రాణం తీసే సూదికి ఎప్పుడు ఒప్పుకోవాలి? కూరకు పెంచే కోళ్ల మాట కాదిది, పేరు పెట్టి పిలుచుకునే పెట్టల మాట. జవాబులు మా పశువైద్యుల బృందం రాసింది.

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్తే. మా గ్రామప్రియ పెట్టకు ఐదేండ్లు. పిల్లలు చుక్క అని పిలుచుకుంటరు. ఏడాది సంది గుడ్లు పెడ్తలేదు. దసరా తర్వాత కడుపు ఉబ్బింది. దవాఖానల నీళ్లు తీస్తే ఇరవై రోజులు మంచిగనే ఉన్నది. రెండోసారి తీస్తే ఎనిమిది రోజులకే మళ్ల మొదటికొచ్చింది. కాళ్లు ఎడం పెట్టి నిటారుగ నడుస్తున్నది, నాలుగడుగులు వేసి కూసుంటున్నది. లోపల గడ్డ ఉండొచ్చని డాక్టరు అన్నరు. పిలిస్తే వస్తది, నూకలు తింటది, బరువు కూడా తగ్గలేదు. సూది వేయిద్దామంటే మా బిడ్డ ఏడుస్తున్నది. తినే కోడిని సంపుకుంటరా అంటున్నది మా అత్తమ్మ. ఏం చేయమంటరు? — ఒక పాఠకురాలు, హనుమకొండ

అమ్మా, ముందు బరువు సంగతి తేల్చుకుందాం. ఈ జబ్బులో మనల్ని మోసం చేసేది అదే. కడుపులో అర లీటరు నీరు చేరితే తక్కెడ మీద అరకిలో పెరగాలి. చుక్క బరువు పెరగలేదంటే ఆ మేరకు కండ కరిగిపోయిందన్నమాట. తక్కెడ పక్కన పెట్టి రొమ్ము ఎముక మీద వేలు వేసి చూడండి. ఆరోగ్యంగా ఉన్న పెట్టకు ఎముక రెండు వైపులా కండ గుండ్రంగా, నిండుగా తగులుతుంది. ఎముక అంచు వేలికి గుచ్చుకుంటూ, ఇటూ అటూ పల్లంగా ఉంటే కోడి చాలా రోజులుగా తన కండనే కరిగించుకుని బతుకుతున్నట్టు.

ఈ వయసు పెట్టకు నీరు పట్టడానికి కారణాలు ఎక్కువ లేవు. పచ్చసొన గర్భనాళంలోకి వెళ్లకుండా కడుపులోకి జారి అక్కడ కుళ్లడం, అండాశయంలోనో గర్భనాళంలోనో కంతి పెరగడం, కాలేయం చెడిపోవడం, గుండె బలహీనపడటం. అండాశయపు కంతి పెట్టల్లో ఎంత మామూలంటే, ఆడవాళ్లకు వచ్చే అండాశయ క్యాన్సర్‌ను అర్థం చేసుకోవడానికి పరిశోధకులు పెట్టకోళ్లనే నమూనాగా తీసుకుంటారు. గుడ్లు ఆగి ఏడాది కావడం, నీరు ఇంత తొందరగా తిరిగి రావడం చూస్తే మీ డాక్టరు గారి అనుమానం సరైనదే అనిపిస్తుంది.

నీరు తీయడం జబ్బుకు వైద్యం కాదు, ఊపిరికి కాస్త చోటు చేయడం మాత్రమే. కోడికి మనకున్నట్టు గుండెకూ కడుపుకూ నడుమ కండర పొర లేదు. రొమ్ము ఎముక కిందికీ పైకీ కదిలితేనే గాలి సంచులు నిండుతాయి, ఖాళీ అవుతాయి. కడుపు నీరు ఆ సంచులను నొక్కేస్తుంది. అందుకే ఇలాంటి కోడిని వెల్లకిలా పడుకోబెట్టకూడదు, ఛాతీ చుట్టూ చేతులు బిగించి ఎత్తుకోకూడదు. పిల్లలు ప్రేమతో హత్తుకున్నా దానికి ఊపిరాడదు. కింద ఒక చేయి పెట్టి, రెక్కల మీద ఇంకో చేయి వదులుగా ఆనించి ఎత్తమని మీ పాపకు చూపించండి.

నీరు తీసిన ప్రతిసారీ దానితోపాటు ఒంట్లోని మాంసకృత్తులు పోతాయి. ఒక్కసారే అంతా తీసేస్తే రక్తపోటు పడిపోయి కోడి బల్ల మీదే పోవచ్చు. సూది గుచ్చిన చోట చీము పట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మొదటిసారి 20 రోజులు, రెండోసారి 8 రోజులు. మూడోసారి తీస్తే దక్కేది నాలుగైదు రోజులే కావచ్చు. నీటికీ నీటికీ నడుమ ఎడం పది రోజుల కిందికి దిగాక మళ్లీ తీయించడం కోడి కోసం కాదు, మన కోసమే అవుతుందని మా అభిప్రాయం.

ఇక మీ అత్తమ్మ గారి మాట. అది అందరూ అనే మాటే, అందులో ఆమె తప్పు లేదు. అయితే కోడి తన బాధను దాస్తుంది. నీరసంగా కనబడితే గుంపులో మిగతావి పొడుస్తాయి, పైనుంచి గద్ద చూస్తుంది. కాబట్టి నడవలేని స్థితిలో కూడా నూకల గిన్నె కనబడితే ముక్కు ఆడిస్తుంది. గింజలు ముక్కుతో తాకి వదిలేస్తున్నదా, మింగుతున్నదా అన్నది చూడాలి. తెల్లవారుజామున మేత వేయకముందు మెడ కింది మేతసంచిని వేళ్లతో తడమండి, అది ఖాళీగా ఉండాలి. పొద్దుగూకేసరికి నిండుగా ఉండాలి. పొద్దున కూడా మెత్తటి ముద్ద తగిలితే తిన్నది కిందికి దిగడం లేదు. సాయంత్రం కూడా ఖాళీగా ఉంటే తిన్నట్టు నటిస్తున్నది. రెట్ట ఆకుపచ్చగా, నీళ్లగా పడుతుంటే కడుపులో మేత లేక ఒట్టి పైత్యరసం దిగుతున్నదని గుర్తు.

ఊపిరి లెక్క చల్లటి వేళ, కోడి కదలకుండా ఉన్నప్పుడే పెట్టండి. నిమిషానికి 20 నుంచి 35 దాకా మామూలు. ప్రతి ఊపిరికీ తోక పైకీ కిందికీ ఊగుతున్నా, ఎండ లేకపోయినా నోరు తెరిచి పీలుస్తున్నా అది కష్టంలో ఉంది. తురాయి ఊదారంగుకు తిరిగితే రక్తానికి ప్రాణవాయువు చాలడం లేదు.

ఇవన్నీ చూసుకున్నాక గోడ మీది క్యాలెండరు తీసి రోజూ పడుకునే ముందు ఒక గుర్తు పెట్టండి. చుక్కకు ఇష్టమైన పనులు మూడు ఎంచుకోండి: దుమ్ములో పొర్లడం, ఈకలు సవరించుకోవడం, పిలిస్తే గుమ్మం దాకా రావడం. మూడింట్లో రెండు చేసిన రోజుకు టిక్కు, చేయని రోజుకు అడ్డగీత. గుర్తు పెట్టే మనిషి ఒక్కరే ఉండాలి, లేకపోతే ఒకరి మంచి రోజు ఇంకొకరికి చెడ్డరోజవుతుంది. ఒక వారంలో అడ్డగీతలు టిక్కులను మించితే తేదీ ఖాయం చేయాలి. వరసగా మూడు అడ్డగీతలు పడితే వారం నిండే దాకా కూడా ఆగొద్దు. కదలకుండా కూర్చుని కూడా నోరు తెరిచి పీలుస్తున్నా, పక్కకు ఒరిగి లేవలేకపోయినా, ఒక పగలంతా నీళ్లు ముట్టకపోయినా, రెట్ట వచ్చే చోట పురుగులు పట్టినా క్యాలెండరు అవసరమే లేదు, ఆ రోజే దవాఖానకు తీసుకెళ్లాలి.

ఆ లోపల సేవ ఎలాగంటే: మిగతా కోళ్లకు కనబడేట్టు, కానీ అవి పొడవలేనట్టు, ఇనుప జాలీ గంప కింద పెట్టండి. పూర్తిగా వేరే గదిలో పెడితే ఉన్న కాస్త మేతా మానేస్తుంది. కింద గోనె సంచి, దాని మీద రెండంగుళాల మందం వరి ఊక. న్యూస్‌పేపరు వేయొద్దు, బరువైన కడుపుతో కాళ్లు జారి విడిపోతాయి. ఊక రోజుకు రెండుసార్లు మార్చాలి. దండె ఎక్కనివ్వొద్దు, దూకితే కడుపు నేలకు కొట్టుకుంటుంది. నీళ్లూ మేతా రొమ్ము ఎత్తులో ఇటుక మీద పెట్టండి. గింజల కంటే మెత్తగా ఉడికించిన నూకలు, పలచటి జొన్న గటక, ఉడికించిన గుడ్డు పచ్చసొన తేలికగా దిగుతాయి. చలికాలం రాత్రి ఒక పక్క మాత్రమే 60 వాట్ల పాత రకం బల్బు అడుగున్నర ఎత్తులో కట్టండి, వేడి ఎక్కువైతే కోడి రెండో పక్కకు జరుగుతుంది. ఎల్‌ఈడీ బల్బు వెలుతురే ఇస్తుంది, వేడి ఇవ్వదు. ఇది తెలియక రాత్రంతా వెలిగించి పొద్దున కోడి చల్లబడిందని రాసేవాళ్లు ఉన్నారు. మే నెల అయితే దీనికి తలకిందులు: కిటికీకి తడి గోనె కట్టాలి, కోడి మీద మాత్రం నీళ్లు చల్లొద్దు.

నీళ్లు పట్టేటప్పుడు నోట్లో ఎప్పుడూ పోయకండి. కోడి శ్వాసద్వారం నాలుక మొదట్లోనే తెరిచి ఉంటుంది, పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సూది తీసేసిన 5 మి.లీ. సిరంజితో ముక్కు పక్క అంచున అర మి.లీ. చొప్పున చుక్కలు వదిలితే అదే చప్పరిస్తుంది. చప్పరించకపోతే ఆపేయాలి.

సూది ఎలా వేస్తారో ముందే తెలుసుకుంటే భయం సగం తగ్గుతుంది. మొదట రొమ్ము కండకు మత్తుమందు ఇస్తారు. ఐదు నుంచి పది నిమిషాల్లో తల వాలిపోతుంది. కాలి వేలు గట్టిగా గిల్లి, కాలు లాక్కోవడం లేదని చూసుకున్నాక రెక్క కింది రక్తనాళంలోకి బార్బిచ్యురేట్ జాతి మందు ఎక్కిస్తారు. ఒకటి రెండు నిమిషాల్లో గుండె ఆగుతుంది. ఆ తర్వాత రెక్కలు కొట్టుకోవచ్చు, కళ్లు తెరిచే ఉండొచ్చు. అది బాధ కాదు, వెన్నుపాములో మిగిలిన చలనం. ఫోన్‌లోనే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ముందు మత్తు ఇస్తారా?" మత్తు లేకుండా తిన్నగా గుండెలోకి సూది వేస్తామంటే ఒప్పుకోకండి. మందు అన్ని పశువైద్యశాలల్లో నిల్వ ఉండదు కాబట్టి కోడిని తీసుకుని బయల్దేరక ముందే కనుక్కోండి. మీకు దగ్గరలో మామునూరు పశువైద్య కళాశాల ఉంది, అక్కడ కూడా అడిగి చూడండి.

దానంతట అదే పోనిద్దామా అంటే, కొన్ని జబ్బుల్లో అది తప్పు కాదు. ముసలి కోడి మేత మానేసి, తల రెక్కలో దూర్చి, ఊపిరి ఇబ్బంది లేకుండా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. నీరు పట్టిన కోడి అలా పోదు, ఊపిరాడక పోతుంది. అందుకే చుక్క విషయంలో మా సలహా: మూడోసారి నీరు తీయించకండి, ఈ వారంలోనే రోజు ఖాయం చేసుకోండి. అది ఇంకా పిలిస్తే వస్తున్నప్పుడే. పాపకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎవరికో ఇచ్చేశామని చెబితే రోజూ ఎక్కడుందని అడుగుతుంది, చివరికి తెలిసినప్పుడు కోడి పోయినందుకు కాదు, మీరు దాచినందుకు బాధపడుతుంది.

ప్రశ్న: ఐదు నెలల పెట్ట. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనుకకు చాపి పడిపోయింది. తలకాయ మంచిగనే ఉంది, మేత తింటున్నది. బి కాంప్లెక్స్ ఇస్తున్నం. లేస్తదా? లేవకుంటే కోసుకుంటే తప్పా అని ఇంట్ల అడుగుతున్నరు. — జగిత్యాల జిల్లా

మూడు నుంచి ఆరు నెలల వయసు, ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కూ, తలలో మాత్రం తెలివి. ఈ మూడూ కలిస్తే మొదటి అనుమానం మారెక్స్ జబ్బు. వైరస్ కాలి నరాల్లో చేరి వాటిని వాచేట్టు చేస్తుంది. కంటిపాప అంచు గీరుకుపోయినట్టు వంకరగా ఉన్నా, నల్లగుడ్డు చుట్టూ బూడిదరంగు తేలినా అనుమానం గట్టిపడుతుంది. దీనికి మందు లేదు. టీకా ఉంది కానీ అది పిల్ల గుడ్డులోంచి బయటపడిన మొదటి రోజే, హేచరీలోనే వేయాలి. ఊళ్లో గంప కింద పొదిగించిన పిల్లలకు దాదాపు ఎవరూ వేయించరు.

మారెక్స్ కానివి కూడా ఉంటాయి. దెబ్బ తగిలితే ఒక్క కాలే వాస్తుంది, తొడ పైనుంచి కింది దాకా నొక్కుతూ పోతే ఎక్కడో ఒకచోట కోడి ఉలిక్కిపడుతుంది. బి2 లోపంలో వేళ్లు లోపలికి ముడుచుకుంటాయి, అది చిన్న పిల్లల్లో ఎక్కువ. మెడ మెలితిరిగితే కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) తర్వాత మిగిలిన అవిటితనం కావచ్చు. మీరు ఇస్తున్న బి కాంప్లెక్స్ వల్ల నష్టం లేదు, లోపం వల్ల వచ్చిందైతే వారంలో వేళ్లు కదలడం మొదలవుతుంది.

ఆ వారం పది రోజులు సరిగా చూసుకోవడమే కష్టం. పడిపోయిన కోడిని చంపేది చాలాసార్లు జబ్బు కాదు, పుండు. రొమ్ము ఎముక మీద, మోకాలి కీలు దగ్గర రెండు రోజుల్లోనే చర్మం ఒరుసుకుపోతుంది. నీళ్లబిందె కింద పెట్టే చుట్టకుదురు లాంటిది పాత చీరతో చుట్టి, నడుమ రొమ్ము ఆనేట్టు కూర్చోబెట్టండి. మూడు గంటలకోసారి పక్క మార్చాలి. వెనక ఈకలు కత్తిరించి, రెట్ట అంటిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. వానాకాలంలో ఇది ఒక్కపూట తప్పినా ఈగలు గుడ్లు పెడతాయి, మర్నాటికి పురుగులు లోపలికి తొలుస్తాయి. పురుగులు పడితే చిమటాతో ఏరాలి. కిరోసిన్, ఫినాయిలు, టర్పెంటైన్ పోయొద్దు. పశువు పుండుకు తట్టుకున్నట్టు కోడి తట్టుకోలేదు, ఆ ఘాటుకే ఊపిరి ఆగుతుంది.

పది రోజుల్లో కాలు మీద కొంచెమైనా బరువు మోపకపోతే, లేదా రెండో కాలూ పడిపోతే, ఆపేయడం మంచిది. కూరకు మాత్రం వద్దు. మారెక్స్ మనుషులకు అంటదు, ఆ భయం లేదు. కానీ చిక్కిపోయిన కోడిలో తినేంత ఏమీ ఉండదు, పైగా ఈ పది రోజుల్లో ఎవరో ఒకరు యాంటీబయాటిక్ కూడా ఇచ్చే ఉంటారు. మందు పడ్డ కోడి గుడ్డూ మాంసమూ ఇంటివాళ్లకే కాదు, కుక్కకు కూడా వేయొద్దు.

ప్రశ్న: మాది భూపాలపల్లి అడవి దిక్కు ఊరు. రాత్రిపూట కుక్క పట్టి పేగులు బయటకు వచ్చిన కోడికి డాక్టరు దొరకడు. ఇంటికాడ బాధ లేకుండ చేసే తీరు ఉన్నదా? నిద్రగోళీలు వేస్తే సరిపోతదా? — ఒక రైతు

ముందు 1962కు ఫోన్ చేసి చూడండి, సంచార పశువైద్యశాల నంబరు అది. పగటిపూట కోడి కోసం మీ ఊరికి వస్తారో లేదో అప్పుడే తెలుస్తుంది. రాత్రి, అదీ పేగులు బయటపడ్డప్పుడు, తెల్లవార్లూ ఆగమని మేము చెప్పం.

నిద్రగోళీలు వద్దు. గోళీ మేతసంచిలోనే గంటల తరబడి ఉండిపోతుంది, సగం మత్తులో కోడి తన్నుకుంటుంది. పొలానికి చల్లే గుళికల మందు పెట్టడం, నీళ్లలో ముంచడం, సంచిలో పెట్టి మూతి కట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం, ఇవన్నీ హింసే. గుళికలు తిన్న కోడిని తిన్న కుక్క, కాకి కూడా చస్తాయి. జంతువును అనవసరంగా హింసించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం.

ఇంటి దగ్గర చేయదగ్గది మెడ కీలు తప్పించడం. మూడు కిలోల లోపు కోడికే ఇది పనికొస్తుంది, అదీ ఇదివరకు చేసిన చేయి అయితేనే. మొదటిసారి నేర్చుకునేది మీ పెంపుడు కోడి మీద కాకూడదు. ఊళ్లో కోళ్లు పెంచే అనుభవస్థులు ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లను పిలవండి. దీపం తగ్గించండి, చీకట్లో కోడి స్థిమితపడుతుంది. ఎడమ చేత్తో రెండు కాళ్లూ రెక్కల కొసలూ కలిపి నడుము దగ్గర పట్టుకోవాలి, తల కిందికి వేలాడుతుంది. కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ పుర్రె వెనక, బొటనవేలు ముక్కు కింద. ఒకే ఊపులో తలను కిందికి సాగదీస్తూ వెనక్కి వంచాలి. పుర్రె కిందే ఎడం ఏర్పడినట్టు వేళ్లకు తెలుస్తుంది, అక్కడితో ఆపాలి.

తప్పు జరిగేది రెండు చోట్ల. జాలిపడి మెల్లగా లాగితే కీలు తప్పదు, కోడి తెలివితోనే ఉంటుంది. మెడను గుండ్రంగా తిప్పితే ఎముక నలుగుతుంది తప్ప వెన్నుపాము తెగదు. సరిగ్గా జరిగితే ఒకటి రెండు నిమిషాలు రెక్కలు బలంగా కొట్టుకుంటాయి, అప్పుడు వదిలేయకుండా పట్టుకునే ఉండాలి. కనుగుడ్డును వేలి కొసతో తాకితే రెప్ప కదలకూడదు, రొమ్ము ఎగసిపడకూడదు. రెప్ప కదిలితే ఆలస్యం చేయకుండా మళ్లీ చేయాలి. చేతకాదనుకుంటే పదునైన కత్తితో గొంతు రెండు పక్కల పెద్ద రక్తనాళాలూ ఒకే కోతలో తెగేట్టు కోయడం, మొద్దుచేత్తో మెడ విరవబోవడం కంటే నయం. జబ్బు కోడినైతే చికెన్ సెంటరుకు మాత్రం తీసుకుపోకండి. అక్కడి పంజరంలోని కోళ్లన్నిటికీ జబ్బు అంటించినట్టవుతుంది.

ప్రశ్న: నొప్పికి మనం వేసుకునే గోళీ సగం చేసి వేయొచ్చా? కోడి ఒళ్లు కాలిపోతున్నది. — కాగజ్‌నగర్

కోడి ఒళ్లు మన చేతికి ఎప్పుడూ వేడిగానే తగులుతుంది. దాని మామూలు వేడే 41 డిగ్రీల సెల్సియస్ పైన. దాన్ని జ్వరం అనుకోవద్దు.

మందుల దుకాణంలో అడిగితే చేతికి వచ్చే నొప్పి మందు డైక్లోఫెనాక్ కోడి మూత్రపిండాలను చెడగొడుతుంది. పశువులకు దీన్ని వాడటం మన దేశంలో 2006లోనే నిషేధించారు, ఆ మందు పడ్డ పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. మీ జిల్లాలోనే, బెజ్జూరు అడవి వైపు పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టాయి కాబట్టి ఈ మాట మీకు ఇంకాస్త గట్టిగా చెబుతున్నాం.

పశువైద్యులు కోళ్లకు నొప్పికి ఎక్కువగా రాసేది మెలాక్సికామ్. కిలో బరువుకు అర మి.గ్రా. నుంచి 1 మి.గ్రా. దాకా, 12 గంటలకోసారి. కిలోన్నర పెట్టకు పూటకు 1.5 మి.గ్రా. మించదు. మనుషుల గోళీ 15 మి.గ్రా. దాకా ఉంటుంది, దాన్ని సగం చేసి వేస్తే ఐదు రెట్లు వేసినట్టు. ఇంట్లో బ్లేడుతో కోసి ఇంత చిన్న మోతాదు తేవడం కుదరదు, ద్రవరూపంలో రాయించుకోండి. నీళ్లు తాగని కోడికి అది కూడా ప్రమాదమే: ఒంట్లో తడి లేనప్పుడు మూత్రపిండాలు దెబ్బతిని, తెల్లటి సుద్ద లాంటి పదార్థం లోపలి అవయవాల మీద పేరుకుంటుంది. ముందు ఓఆర్‌ఎస్ నీళ్లు తాగించి, తర్వాతే మందు.

ప్రశ్న: మేడారం సమ్మక్కకు మొక్కుకున్న పెట్ట పానం మంచిగలేదు. జాతర దాక మందులతోని బతికించుకోవాల్నా? — ములుగు

వైద్యం వరకు మా మాట: వద్దు. జాతర రెండేళ్లకోసారి, లక్షల మంది మధ్య, వేల కోళ్లు పక్కపక్కనే. జబ్బు కోడిని అక్కడికి తీసుకెళ్తే కొక్కెర తెగులు ఎన్ని ఊళ్లకు పాకుతుందో చెప్పలేం. మందులు పడ్డ కోడిని అక్కడ కోసి వండుకోవడం ఇంకో తప్పు. మొక్కు సంగతి మీ ఇంటి పెద్దలు తేల్చాలి. వేరే కోడిని ఇవ్వడమో, అమ్మవార్లకు బంగారం అని పిలుచుకునే బెల్లం ఎత్తు ఇవ్వడమో వాళ్లే చెబుతారు.

ప్రశ్న: మేం ఉండేది కరీంనగర్‌ల అపార్ట్‌మెంటు. ఊళ్లె నల్లరేగడి పొలం ఉన్నది. సూది వేయించిన కోడిని అక్కడ పాతిపెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ నల్లరేగడిలో రెండు ఇబ్బందులున్నాయి. వానాకాలం గుంతలో నీళ్లు నిలిచి శవం ఉబ్బి పైకి వస్తుంది. ఎండాకాలం నేల బీటలు వారి వాసన బయటికి పోతుంది, కుక్కలూ పందులూ తవ్వుతాయి. పొలంలో చెలక తుంట గానీ ఎత్తుగా ఉన్న గట్టు గానీ ఉంటే అక్కడ చూడండి. బావికీ బోరుకూ కనీసం వంద అడుగుల దూరం ఉండాలి. మూడు అడుగుల లోతు తీసి, కింద కిలో పొడి సున్నం, నూలుబట్టలో చుట్టిన కోడి, పైన మరో కిలో సున్నం, ఆ పైన మట్టి అదిమి తుమ్మకంప కప్పండి. ప్లాస్టిక్ కవరులో పెట్టి పాతితే ఏళ్లు గడిచినా మట్టిలో కలవదు. సున్నం వట్టి చేత్తో చల్లొద్దు. సూది వేసిన కోడికి లోతు విషయంలో బద్ధకించొద్దు. ఆ మందు శవంలో చాలాకాలం నిలిచి ఉంటుంది, తవ్వి తిన్న కుక్క మత్తులో పడి చచ్చిపోతుంది.

ఇంట్లోనే దానంతట అది పోయిన కోడిని వెంటనే పాతకుండా గంటసేపు ఆగండి. బాగా చల్లబడిన కోడి ఊపిరి కంటికి ఆనదు. కాళ్లు బిగుసుకోవడం మొదలయ్యాకే తీసుకెళ్లండి.

ప్రశ్న: రెండు రోజుల్ల మూడు కోళ్లు చచ్చినయి. నాలుగోది రెక్కలు వేలాడేసి కునుకుతున్నది. దీన్ని కూడా ఇంటికాడ్నే ఖతం చేసి పాతిపెట్టాల్నా? — పెద్దపల్లి జిల్లా

ఆగండి. మీది చివరి రోజుల సేవ ప్రశ్న కాదు, అంటువ్యాధి ప్రశ్న. వరసగా చస్తుంటే కొక్కెర తెగులు కావచ్చు, బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు కూడా మొదట కనబడింది ఇలాంటి వరస చావులే. 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం ప్రకారం ఇలాంటి అనుమానం కలిగితే కోళ్ల యజమాని తెలియజేయాలి. ఈ రోజే పంచాయతీలోనూ మండల పశువైద్యాధికారికీ చెప్పండి. నాలుగో కోడిని మీరు కోయకండి, ఈకలు పీకకండి. కళేబరాలను ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు కవర్లు తొడుక్కుని, రెండు పొరల సంచిలో కట్టి నీడన పెట్టండి. పాతిపెట్టేస్తే పరీక్షకు నమూనా దొరకదు. నాలుగో కోడికి ఏం చేయాలో వచ్చిన డాక్టరు చెబుతారు, అనుమానం గట్టిదైతే వాళ్లే ప్రాణం తీస్తారు.

మిగతా కోళ్లను బయటికి వదలొద్దు, అమ్మొద్దు, చుట్టాలకు పంపొద్దు. కోళ్ల గూట్లోకి వెళ్లిన చెప్పులతో పొరుగింటికి పోవద్దు. పరీక్ష ఫలితం వచ్చాక, కొక్కెర తెగులే అని తేలితే, కొత్తగా తెచ్చే పిల్లలకు మొదటి వారంలో లసోటా టీకా కంటిచుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌2బి టీకా సూది వేయించాలి. పాత గూటి ఊక కాల్చి, నేలకు సున్నం కొట్టి, నెల రోజులు ఖాళీగా ఎండనిచ్చాకే కొత్త కోళ్లను దింపండి.